చేతి బొమ్మను కేసులో కలపకండి

తెలుగు ఫిలిం ఛాంబర్ ఆఫ్ కామర్స్ పెద్దలకు, మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ పెద్దలకు, మా బొమ్మల్లో కనిపించే నటీనటులందరికీ...



2025 సెప్టెంబరులో రెండు కోర్టు ఉత్తర్వులు వెంటవెంటనే వచ్చాయి. నాగార్జున గారి పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వాడుకోకూడదని ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. చిరంజీవి గారికి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు అలాంటి రక్షణే ఇచ్చింది. మంచి పని జరిగిందనుకున్నాను. ఆ వెంటనే ఒక అనుమానం కూడా వచ్చింది. నేను కూలికి వేసే బొమ్మల్లోనూ మీ రూపాలే ఉంటాయి. నేనూ ఆ ఉత్తర్వుల కిందికి వస్తానా? మీరందరూ చదివేలా ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

నేను ఇచ్చోడలో పోర్ట్రెయిట్లు వేసి బతుకుతాను. ఆదిలాబాద్ నుంచి నిర్మల్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది మా ఊరు. కుంటాల జలపాతానికి పోయేవాళ్లు, కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయేవాళ్లు ఎంతోమంది మా ఊరి మీదుగానే పోతారు. మొదట్లో సైన్‌బోర్డులు, లారీల వెనక రాతలు, బ్యానర్లు వేసేవాడిని. ఫ్లెక్స్ మెషీన్ వచ్చాక ఆ పని పోయింది. మిగిలింది ముఖాలు. కాలం చేసిన పెద్దల ఫొటో తెచ్చి పెద్ద బొమ్మ వేయించుకునేవాళ్లు కొందరు. పెళ్లి కానుకకు జంట బొమ్మ అడిగేవాళ్లు కొందరు. మూడో రకంవాళ్లు సినిమాలోదో సీరియల్లోదో ఒక పాత్ర కావాలంటారు. ఈ ఉత్తరం ఆ మూడో రకం పని గురించి.

'నటుడి బొమ్మ' అనకుండా 'పాత్ర' అన్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లు కూడా అలాగే అడుగుతారు. "అన్నా, వంటలక్క బొమ్మ కావాలె, మా అమ్మకు ఇయ్యాలె" అంటాడు ఒక పిల్లవాడు. 2017లో మొదలైన 'కార్తీక దీపం' సీరియల్లో వంటలక్క అనిపించుకున్న దీప పాత్ర వేసిన ప్రేమీ విశ్వనాథ్ పేరు అతనికి తెలియకపోవచ్చు, వాళ్లమ్మకు అసలే తెలియకపోవచ్చు. వాళ్లకు కావలసింది రోజూ రాత్రి తమ ఇంట్లోకి వచ్చి కష్టాలు పడిన ఆడమనిషి. ఆ బొమ్మ వేయడానికి కూర్చుంటే మొట్టమొదట ఒంటి రంగు దగ్గరే ఆగాలి. నటి అసలు రంగు వేరు, పాత్ర కోసం మేకప్‌తో తెచ్చిన చామనఛాయ వేరు. నటి మామూలు ఫొటో చూసి వేస్తే అమ్మ గుర్తుపట్టదు. ఎల్లో ఆకర్‌లో బర్న్ట్ సియెన్నా కలిపి, చెంప నీడకు కొంచెం అల్ట్రామెరైన్ తగిలించి, తెలుపు వీలైనంత తక్కువ వాడితేనే దీప వస్తుంది. మేకప్ చేసినవాళ్ల పనిని నా కుంచె రెండోసారి చేస్తుందన్నమాట.

పని ఎలా నడుస్తుందో కూడా చెప్పాలి. మీ కోర్టు కాగితాల్లో ఈ సంగతులు ఉండవు. గిరాకీ తెచ్చేది ఎక్కువగా ఫోన్లో తీసిన స్క్రీన్‌షాట్. నడుస్తున్న దృశ్యంలో ఆపి తీసింది కాబట్టి కళ్లు సగం మూసి ఉంటాయి, ఒక చెంప చీకట్లో ఉంటుంది, వాట్సాప్‌లో చేతులు మారి మారి అంచులన్నీ చెదిరిపోయి ఉంటాయి. దాన్ని చూసి ఉన్నదున్నట్టు దించితే పాడైన ఫొటోకు నకలు తయారవుతుంది. అందుకని ఆ సినిమా మళ్లీ చూస్తాం. పాత్ర తల ఎటు వంచుతుంది, కోపం వస్తే కనుబొమ చివర ఎక్కడ లేస్తుంది, నవ్వితే పెదవి ఏ పక్కకు పోతుంది అని గమనిస్తాం. అప్పుడు కాగితం మీద గళ్లు కొట్టి, క్యాన్వాస్ మీద అవే గళ్లు పెద్దవి చేసి, చార్‌కోల్‌తో గీతలు తీస్తాం. నేను కళ్లతో మొదలుపెడతాను. కళ్లు కుదిరితే మిగతాది పని, కుదరకపోతే రంగు ఖర్చు. ఆయిల్ రంగులైతే ఒక పూత ఆరాకే మరో పూత వేయాలి. వానాకాలంలో మా దగ్గర ఆ ఆరడమే పెద్ద పరీక్ష. తొందరున్నవాళ్లకు ఆక్రిలిక్‌తో వేసిస్తాం.

ఈ పనిలో నాకు బాగా తెలిసివచ్చిన సంగతి ఒకటుంది. పాత్రకూ నటుడి ముఖానికీ మధ్య కొంత జాగా ఉంటుంది. ఆ జాగాలోనే మా పని ఉంటుంది.

'మాయాబజార్' తలుచుకోండి. 1957లో వచ్చిన ఆ సినిమాలో సావిత్రి గారు శశిరేఖగా ఉంటారు, శశిరేఖ వేషం వేసుకున్న ఘటోత్కచుడిగానూ ఉంటారు. రెండు చోట్లా ముఖం ఒకటే, నగలూ దాదాపు అవే. అయినా మాయాశశిరేఖ బొమ్మ వేయమని ఎవరైనా అడిగితే, మామూలు శశిరేఖను దించి ఇస్తే చెల్లదు. భుజాలు విచ్చుకోవాలి, గడ్డం కొంచెం ముందుకు రావాలి, చూపులో ఎస్.వి.రంగారావు గారి ఘటోత్కచుడు తొంగిచూడాలి. ముఖం సావిత్రి గారిది, బొమ్మ రంగారావు గారిది. ఇక్కడ రూపం మీద హక్కు ఎవరిదని లాయరును అడిగితే ఏం చెబుతాడో నాకు తెలియదు. మళ్లీ 2018లో సావిత్రి గారి జీవితకథతో 'మహానటి' వచ్చింది. సావిత్రి బొమ్మ కావాలని వచ్చినవాళ్లు కొందరు తెచ్చిన ఫొటోల్లో ఉన్నది అందులో ఆ పాత్ర వేసిన కీర్తి సురేష్. వాళ్లకది సావిత్రే. ఆ సంతోషాన్ని నేనెందుకు చెడగొట్టాలి?

ఆ 'మాయాబజార్' నలుపు తెలుపు సినిమా. దానికి రంగులద్దిన ప్రతి 2010లో వచ్చింది. అంతకు ముందు యాభై ఏళ్లకు పైగా జనం కళ్లలో ఉన్న ఎన్.టి.రామారావు గారి కృష్ణుడికి నీలి ఛాయ, పచ్చటి పీతాంబరం ఎక్కడివి? తెర ఇవ్వని ఆ రంగులను చాలావరకు పోస్టర్లు వేసిన చేతులు, క్యాలెండర్లు వేసిన చేతులు ఇచ్చాయి. ఆ పాత్రల రూపకల్పనలోనూ ఒక చిత్రకారుడి చెయ్యి ఉంది. కళాదర్శకుడు మాధవపెద్ది గోఖలే మొదట బొమ్మలు వేసేవారే, సినిమాకు తర్వాత వచ్చారు. సినిమా పాత్రకు మేం బయటివాళ్లం కామని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

సాక్ష్యం ఇంకా ఉంది. చిత్రకారుడు బాపు గారి మొదటి సినిమా 'సాక్షి' 1967లో వచ్చింది. పబ్లిసిటీ ఆర్టిస్టు ఈశ్వర్ గారి పోస్టర్ల ప్రయాణం కూడా ఆ సినిమాతోనే మొదలైంది. రెండు వేలకు పైగా సినిమాలకు పనిచేసి, 'సినిమా పోస్టర్' అని పుస్తకం రాసి నంది అవార్డు తీసుకున్న మనిషి ఆయన. ట్రైలర్లు ఇంటింటికీ చేరని రోజుల్లో కొత్త సినిమాలో కథానాయకుడు కోపిష్ఠా, అమాయకుడా, దొంగా అన్నది ఊళ్లకు ముందుగా తెలిపింది ఆ గోడబొమ్మలే. పెద్ద ఊళ్లలో థియేటర్ల ముందు ఆకాశమంత కటౌట్లు నిలబెట్టినవాళ్ల పేర్లు చాలావరకు ఎక్కడా రాసిలేవు. అప్పట్లో మా చెయ్యి మీ ముఖాన్ని ఊరూరా తిప్పింది. దానికి అనుమతిపత్రం ఎవరూ అడగలేదు. అవసరం మీది కూడా కాబట్టి.

ఈ పనిలోంచి పెద్ద చిత్రకారులూ వచ్చారు. ఎం.ఎఫ్.హుసేన్ గారు కుర్రతనంలో బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకున్నారు. ముసలితనంలో మాధురీ దీక్షిత్‌ను బొమ్మ తర్వాత బొమ్మగా వేశారు, 2000లో ఆమెనే పెట్టి 'గజగామిని' సినిమా తీశారు. మన కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం గారు బి.నర్సింగరావు తీసిన 'దాసి' సినిమాకు కళాదర్శకత్వం చేసి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. కరీంనగర్‌లోనే పుట్టిన పైడి జైరాజ్ బొంబాయి వెళ్లి తెరమీద రాజులకూ వీరులకూ తన ముఖమిచ్చి, 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. కుంచె నుంచి తెరకు, తెర నుంచి కుంచెకు రాకపోకలు మన ఉత్తర తెలంగాణకు కొత్త కాదు. హుసేన్ గారు మాధురిని వేస్తే అది కళ అయింది. ఇచ్చోడలో నేను ఒక పాత్రను వేస్తే అది ఉల్లంఘన కాకూడదు కదా?

మా జిల్లాలో ఈ ప్రశ్న మరింత లోతుగా తగులుతుంది. కారణం కొమురం భీమ్. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో ప్రాణమిచ్చిన గోండు వీరుడు. అల్లాణి శ్రీధర్ గారు తీసిన 'కొమరం భీమ్' సినిమాలో భూపాల్ రెడ్డి గారు ఆ పాత్ర వేశారు. 2022లో 'ఆర్ఆర్ఆర్'లో జూనియర్ ఎన్టీఆర్ గారు వేశారు. అంతకు ముందు, 2020 అక్టోబరులో వచ్చిన టీజర్‌లో భీమ్ తలమీద టోపీ, కళ్లకు సుర్మాతో కనబడగానే మా ఆదివాసీలు అభ్యంతరం చెప్పారు. సినిమా వచ్చాక నా దగ్గరికి కుర్రవాళ్లు వచ్చి ఎన్టీఆర్ ముఖంతో ఉన్న భీమ్‌ను అడిగారు. పెద్దవాళ్లు మాత్రం "మాకు సినిమా భీమ్ వద్దు, మా భీమ్ కావాలె" అన్నారు. అలాంటప్పుడు విగ్రహాల్లో, సభల బ్యానర్ల మీద జనం చూసి చూసి గుర్తుపట్టే భీమ్‌ను వేస్తాను. తలపాగా ఎలా చుట్టాలో, తుపాకి ఏ భుజానికి పెట్టాలో వాళ్లే పక్కన నిలబడి చెబుతారు. ఈ పాత్ర మీద నటుడికి ఎంత హక్కు ఉందో, నిర్మాతకు ఎంత ఉందో లెక్కగట్టే ముందు, ఇంద్రవెల్లి, ఉట్నూరు, జైనూరు గూడేల్లో ఆ పేరు పిల్లలకు పెట్టుకునేవాళ్ల వాటా కూడా లెక్కలోకి రావాలి. పాత్ర నటుడి ముఖాన్ని కొంతకాలం అరువు తీసుకుంటుంది, ఆ తర్వాత జనంలోకి వెళ్లిపోతుంది.

మీ భయం నాకు అర్థం కాలేదనుకోకండి. 2023 నవంబరులో రష్మిక మందన్న గారి ముఖాన్ని వేరెవరి ఒంటికో అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. ఆడపిల్లలున్న ఎవరికైనా ఒళ్లు జలదరించే సంగతి అది. మీ గొంతుతో నకిలీ మందుల ప్రకటనలు, మీ ముఖంతో జూదం యాప్‌లు తయారు చేసేవాళ్లను ఆపాల్సిందే. ఆ యంత్రం మా అంగడి దాకా కూడా వచ్చింది. ఏఐతో చేసిన పాత్ర బొమ్మ తెచ్చి "దీన్ని చేత్తో వేసివ్వండి" అంటారు. చేతికి ఆరు వేళ్లుంటాయి, చెవిపోగు చెంపలో కలిసిపోయి ఉంటుంది, కళ్లు రెండూ రెండు దిక్కులు చూస్తుంటాయి. అది మీ ముఖానికి ఎంత అన్యాయమో మా పనికీ అంతే అన్యాయం. మనిద్దరి శత్రువు ఒకటే అయినప్పుడు మనం రెండు పక్కల నిలబడటం ఎందుకు?

చట్టం ఏమంటుందో నాకు తెలిసినంత చదివాను. మన దేశంలో వ్యక్తిత్వ హక్కుల కోసం విడిగా ఒక చట్టం లేదు. కోర్టులు రాజ్యాంగంలోని 21వ అధికరణం నుంచి, పాత తీర్పుల నుంచి ఆ హక్కులను కట్టుకుంటూ వస్తున్నాయి. 2023 ఏప్రిల్‌లో డిజిటల్ కలెక్టిబుల్స్ అనే కంపెనీ కేసులో ఢిల్లీ హైకోర్టే, ప్రముఖుల పేర్లను, రూపాలను కళ, వ్యంగ్యం, వార్త, పరిశోధన వంటి పనులకు వాడటం భావప్రకటన స్వేచ్ఛ కిందికి వస్తుందని చెప్పింది. ఇది మాకు ధైర్యం. కాపీరైటు చట్టం 1957లో వచ్చింది, అంటే 'మాయాబజార్' వచ్చిన ఏడాదే. ఆ చట్టం ప్రకారం సినిమా మీద హక్కు విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్లు ఉంటుంది. కాబట్టి 'మాయాబజార్' సినిమా హక్కు 2017 చివరితో ముగిసింది. 2015 నాటి 'బాహుబలి' స్టిల్ చూసి వేస్తే మాత్రం నిర్మాత హక్కు ఇంకా నిండుగా ఉంది. సొంత వాడకానికి న్యాయంగా వాడుకుంటే తప్పులేదని అదే చట్టంలోని 52వ సెక్షన్ అంటుంది. వేయించుకున్నవాళ్లది సొంత వాడకమే. కానీ నేను కూలి తీసుకుంటున్నాను, మరి నాదేమిటి? అక్కడే చిక్కు.

ఇంకో సంగతి చెబితే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. డబ్బు ఇచ్చి ఎవరైనా పోర్ట్రెయిట్ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, ఆ బొమ్మ కాపీరైటుకు మొదటి యజమాని వేయించుకున్నవాడే అని 17వ సెక్షన్ చెబుతోంది. అంటే నేను వేసిన బొమ్మ మీద నాకే కాపీరైటు లేదు. నాకు మిగిలేది కూలి, బొమ్మ మీద నా సంతకం. ఇంత చిన్న వ్యవహారం మీ లాయర్ల నోటీసుకు తగిన బరువైనది కాదు. కానీ నోటీసు అక్కర్లేకుండానే దెబ్బ తగులుతోంది. వేసిన బొమ్మను ఫొటో తీసి ఆన్‌లైన్‌లో పెడితే ఒక సామాజిక మాధ్యమం దాన్ని తీసేసింది. కారణం చెప్పలేదు, అడగడానికి మనిషి లేడు. మాకు కొత్త గిరాకీ వచ్చే దారి అదొక్కటే. పెద్దవాళ్ల కోసం వేసిన వలలో చిన్న చేప చచ్చిపోయినా వల వేసినవాడికి తెలియదు.

అందుకని మీ ముందు మూడు విన్నపాలు పెడుతున్నాను.

మొదటిది. ఛాంబర్, అసోసియేషన్ కలిసి ఒక పేజీ ప్రకటన ఇవ్వండి. ఒక మనిషి అడిగితే, ఒక చిత్రకారుడు చేత్తో, ఒకే ఒక్క ప్రతిగా వేసిచ్చే పాత్ర బొమ్మను వ్యక్తిత్వ హక్కుల ఉల్లంఘనగా చూడబోమని తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా రాయండి. నటీనటుల్లో ఇష్టమున్నవాళ్లు దాని కింద సంతకం చేయండి. ఆ కాగితం ఫ్రేము కట్టించి ప్రతి ఆర్ట్స్ షాపులో పెట్టుకుంటాం.

రెండోది. ఇకముందు కోర్టుకు వెళ్లేటప్పుడు మీ లాయర్లతో ఒక వాక్యం కలిపించండి. మేం ఆపమంటున్నది ఏఐ నకళ్లను, అశ్లీల మార్పులను, ప్రకటనలను, అచ్చేసి అమ్మే టీషర్టులను, మగ్గులను అని విడమరిచి చెప్పించండి. చేతి బొమ్మ వాటిలో లేదని కూడా చెప్పించండి. ఉత్తర్వులో ఆ వాక్యం ఉంటే, ఆన్‌లైన్ కంపెనీలు మా బొమ్మను కూడా ఆ గుంపులో కలిపేసే అవకాశం తగ్గుతుంది.

మూడోది నిర్మాతలకు. సినిమా విడుదలైనప్పుడు ప్రతి ముఖ్య పాత్రవీ రెండు మూడు మంచి స్టిల్స్, వెలుతురు సరిగ్గా పడినవి, చిత్రకారుల కోసం బయట పెట్టండి. మేకప్ ఎవరు చేశారో, దుస్తులు ఎవరు రూపొందించారో దాని కింద రాయండి. స్క్రీన్‌షాట్‌తో మేం పడే తంటా తప్పుతుంది, మీ పాత్ర బొమ్మలో వంకరపోకుండా ఉంటుంది, తెర వెనక పనిచేసినవాళ్ల పేరు మా బొమ్మ వెనక్కి చేరుతుంది.

ఊరికే అడగడం లేదు, మా వైపు నుంచి కూడా మాట ఇస్తున్నాను. నా మాటకు మా జిల్లాలో కుంచె పట్టినవాళ్లలో చాలామంది ఒప్పుకుంటారని నమ్మకం. పాత్ర బొమ్మను ఫొటో తీసి అచ్చువేయించి అమ్మం. దుకాణానికో, పార్టీకో, సరుకుకో ప్రచారంగా వేయం. నటీమణులను తెరమీద లేని విధంగా వేయమని అడిగేవాళ్లు ఉంటారు, వాళ్లను వెనక్కి పంపుతాం. ఇన్నాళ్లూ పంపుతూనే ఉన్నాం. ఏఐ బొమ్మకు చేత్తో నకలు తీయం. ప్రతి బొమ్మ వెనక సినిమా పేరు, పాత్ర పేరు, నటుడి పేరు, వేసిన తేదీ రాస్తాం.

ఇంత రాస్తున్నానంటే బతుకు భయం ఒక్కటే కారణం కాదు. మాకు డెబ్బై కిలోమీటర్ల లోపే నిర్మల్ ఉంది. పొనికి కర్ర మీద బొమ్మలు చేసే నకాషీల పని అక్కడ ఇంకా నిలిచి ఉందంటే, ఆ చేతి పనికి ఒక పేరు, ఒక గుర్తింపు ఉండటం వల్ల. నిర్మల్ బొమ్మకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సినిమా బ్యానర్ వేసిన చేతికి ఏ గుర్తింపూ రాలేదు, ఫ్లెక్స్ వచ్చిన కొన్నేళ్లలోనే అది మాయమైంది. ఇప్పుడు మిగిలిన పోర్ట్రెయిట్ పనికి కూడా అదే గతి పట్టకుండా ఆపే శక్తి మీ చేతిలో ఉంది. డబ్బు సాయం అడగడం లేదు. మీ ముఖాల్లో జనం చూసుకున్న పాత్రలను ఆ జనం కోసం చేత్తో వేసే పని తప్పు కాదని బహిరంగంగా ఒక మాట చెప్పమంటున్నాను.

ఈ ఉత్తరానికి జవాబు కూడా బహిరంగంగానే ఇవ్వండి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోరో చెప్పండి, ఎక్కడ గీత గీయాలో మీరే చూపించండి. ఆ గీత ఎక్కడుందో తెలిస్తే దాని లోపలే పనిచేసుకుంటాం. హైదరాబాద్ రమ్మంటే మా పని మీ ముందు పెట్టడానికి వస్తాం. మీలో ఎవరైనా నిర్మల్, ఆదిలాబాద్ వైపు వస్తే ఇచ్చోడలో ఆగండి, మా బొమ్మలు చూసి మాట్లాడండి.

ఇట్లు,
సినిమా, సీరియల్ పాత్రలను కుంచెతో వేసే ఒక చిత్రకారుడు
ఇచ్చోడ, ఆదిలాబాద్ జిల్లా